కానుగ చెట్టు కింద ఇరవై నిమిషాలు

మా అమ్మ రోజూ పొద్దున పదకొండింటికి ఫోన్ చేసేది. సరిగ్గా ఆ టైముకి నేను పోపు పెడుతూనో, కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూనో ఉండేదాన్ని. ఫోను స్పీకర్లో పెట్టి, ఉప్పు డబ్బాకి ఆనించి, నా పని నేను చేసుకుంటూ వినేదాన్ని. వినేదాన్ని అనడం కూడా ఎక్కువే లెండి, "ఊ" కొట్టేదాన్ని.

ఏం చెప్పేదంటారా? "జామచెట్టుకి రామచిలకలొచ్చాయే ఇవాళ. సగం సగం కొరికి కింద పడేసి పోయాయి. పోనీలే, ఒక్కదాన్ని ఎన్ని తింటాను!" అనేది. "మందారం మొగ్గలకి చీమలు పట్టాయి, బూడిద చల్లాను" అనేది. "రాత్రి పారిజాతం ఎంత పూసిందో! తెల్లారి తలుపు తీస్తే వాకిలంతా పూలే. తొక్కడానికి మనసొప్పక దొడ్డిదారిన వెళ్ళి పాలు తెచ్చుకున్నా" అనేది.

నేను మధ్యలో దూరి, "బీపీ మాత్ర వేసుకున్నావా? కరెంటు బిల్లు కట్టించావా?" అని అడిగేదాన్ని. నా లెక్కలో విషయాలంటే అవి. జామచెట్టు విషయమే కాదు.

ఒకరోజు విసుక్కున్నాను కూడా. మావాడికి పరీక్షలు, పనమ్మాయి రాలేదు, ఇంట్లో చుట్టాలు. అమ్మ కానుగ చిగుళ్ళ గురించి ఏదో చెప్పబోతుంటే, "అమ్మా, నీకు చెట్లు తప్ప వేరే కబుర్లు లేవా? పని మీదున్నాను, మళ్ళీ చేస్తా" అనేశాను. "సరేలే తల్లీ, పని చూసుకో" అంది. కోపమేం తెచ్చుకోలేదు. నేనూ మళ్ళీ చేయలేదు. మర్నాడు పదకొండింటికి మామూలుగా తనే చేసింది.

ఆ తర్వాతి మాఘమాసంలో అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది. తెనాలి దగ్గర మా ఊళ్ళో, ఆ ఇంట్లోనే. అందరూ "పుణ్యాత్మురాలు, ఎవరిచేతా చేయించుకోలేదు" అన్నారు. పన్నెండు రోజులూ వంటవాళ్ళు, బంధువులు, పంచే గిన్నెల లెక్కలు. అన్నీ దగ్గరుండి చూసుకున్నాను. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. "చాలా ధైర్యంగా ఉందమ్మా" అని నన్ను మెచ్చుకున్నారు కూడా.

అది ధైర్యం కాదని హైదరాబాద్ తిరిగొచ్చాక తెలిసింది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, ఇక తెల్లారేదాకా ఫ్యాను చూస్తూ పడుకోవడమే. పదకొండు కొట్టేసరికి చేతిలో గరిటె ఆగిపోయేది. చిన్న చిన్న వాటికి అరిచేదాన్ని. ఒకరోజు మావాడు తడి టవల్ మంచం మీద పడేశాడని అంత ఎత్తున లేచాను. వాడు బిత్తరపోయి, "అమ్మా, టవలే కదా" అన్నాడు. ఆ మాటకి ఇంకా కోపం వచ్చింది.

మావారు బలవంతంగా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. బీపీ ఎక్కువగా ఉంది. మాత్ర రాసి, "రోజూ అరగంట నడవండి. వీలైతే చెట్లున్న చోట నడవండి" అని చెప్పారు.

మా వీధి చివర మున్సిపాలిటీ వాళ్ళ పార్కు ఒకటి ఉంది. పార్కంటే ఏదో ఊహించుకోకండి. చుట్టూ సిమెంటు బాట, మధ్యలో సగం ఎండిన గడ్డి, తుప్పు పట్టిన జారుడు బల్ల, నాలుగు సిమెంటు బెంచీలు. ఒక మూల పెద్ద కానుగ చెట్టు, రెండు వేపలు, ఒక నిద్రగన్నేరు, గోడ వెంబడి ఎవరూ నాటకుండా మొలిచిన పిచ్చిమొక్కలు. పన్నెండేళ్ళుగా కూరగాయల సంచీతో దాని ముందునుంచి వెళ్తున్నాను. లోపల ఏ చెట్టుందో అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

నడక మొదలుపెట్టాను. మనం ఏ పనైనా ఎలా మొదలుపెడతామో అలాగే! మావాడు ఫోన్లో అడుగులు లెక్కపెట్టేది పెట్టిచ్చాడు. చెవుల్లో ఇయర్ ఫోన్లు, అందులో ఏదో ప్రవచనం, చేతిలో ఫోను. నడుస్తూనే మధ్యాహ్నం కూరేమిటో, దోశెల పిండి ఇంకెన్ని రోజులకొస్తుందో ఆలోచించుకునేదాన్ని. పది రౌండ్లు అవగానే అంట్లు తోమేసినట్టు ఒక పని అయిపోయిందనుకుని ఇంటికి. మూడు వారాలు అలాగే నడిచాను. కాళ్ళ నొప్పులొచ్చాయి గానీ నిద్ర రాలేదు.

ఇక్కడ మా అత్తయ్యగారి గురించి చెప్పాలి. ఆవిడకి 76 ఏళ్ళు. ఒంగోలు దగ్గర పల్లెటూరు. మామయ్యగారు పోయినప్పటినుంచి మా దగ్గరే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మా మధ్య పెద్ద గొడవల్లేవు, పెద్ద ప్రేమలూ లేవు. ఇరవై నాలుగేళ్ళలో మేమిద్దరం మాట్లాడుకున్న మాటలన్నీ పాలు, ఉప్పు, చారు, చుట్టాల చుట్టూనే తిరిగాయి. పనేం లేకుండా పక్కపక్కన కూర్చున్నది లేదు.

"నేనూ వస్తానమ్మాయ్, గోడలు చూసీ చూసీ విసుగొస్తోంది" అన్నారు ఒకరోజు. నిజం చెప్పొద్దూ, నాకు ఇష్టం లేకపోయింది. ఆ అరగంటైనా నాదనుకున్నాను. కాదనలేక తీసుకెళ్ళాను. ఆవిడ మోకాళ్ళ నొప్పులతో రెండు అడుగులు వేసి, కానుగ చెట్టు కింద బెంచీ మీద కూర్చునేవారు. నేను రౌండ్లు కొట్టేదాన్ని. ప్రతి రౌండుకీ చూస్తే ఆవిడ అలాగే, చేతులు ఒళ్ళో పెట్టుకుని పైకి చూస్తూ ఉండేవారు. "పాపం ఏం తోస్తుంది ఈవిడకి" అనుకునేదాన్ని.

ఒకరోజు ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది. అడుగులు లెక్కకి రానప్పుడు నడవడం దండగనిపించింది. నవ్వకండి, మీకూ అనిపించే ఉంటుంది! వెళ్ళి అత్తయ్యగారి పక్కన కూర్చున్నాను.

చెవుల్లో ఏమీ లేకుండా ఆ పార్కులో ఉండటం అదే మొదటిసారి. మొదట బస్సు హారను, ఎవరింట్లోదో మిక్సీ వినిపించాయి. కాసేపటికి వాటి వెనకాల ఇంకో చప్పుడు, రేకు మీద ఎవరో చిన్న సుత్తితో ఆగకుండా కొడుతున్నట్టు, టుక్ టుక్ టుక్ అని. "ఎవరింట్లోనో రిపేరు జరుగుతున్నట్టుంది" అన్నాను.

అత్తయ్యగారు నవ్వారు. "రిపేరు కాదు, పిట్టమ్మాయ్. మా ఊళ్ళో కంసాలిపిట్ట అనేవాళ్ళం. అదిగో, ఆ ఎండుకొమ్మ చివర చూడు." ఎంతసేపటికీ కనబడలేదు. కనబడ్డాక నమ్మలేదు. నా పిడికిలంత కూడా లేదు. ఆకుపచ్చ ఒళ్ళు, నుదుటి మీద కుంకుమబొట్టు పెట్టుకున్నట్టు ఎర్రటి మచ్చ. అంత చప్పుడు అదా చేసేది! మూడు వారాలుగా అది నా నెత్తి మీదే కొడుతోంది.

తర్వాత ఆవిడ చెట్టు చూపించారు. అది ఫాల్గుణం. కానుగ ఆకంతా రాలి, కొత్త చిగురు వేస్తోంది. ముదురాకుపచ్చ కాదు, నూనె రాసినట్టు నిగనిగలాడే లేతాకుపచ్చ. పొద్దుటెండ దాని గుండా దిగుతుంటే కింద బెంచీ మీద మా చీరలు కూడా ఆ రంగులోనే కనబడ్డాయి. అత్తయ్యగారు మామూలుగా, ఎవరితోనూ కానట్టు అన్నారు, "కానుగ చిగురేసింది. ఇక ఉగాది వచ్చేసినట్టే."

అమ్మ ఆ రోజు చెప్పబోయింది అదే. నేను చెప్పనివ్వంది అదే.

అంతే, ఏడుపొచ్చేసింది. వాకింగ్ చేసేవాళ్ళు చూస్తున్నారని తెలుస్తోంది, ఆపుకోలేకపోయాను. అత్తయ్యగారు ఊరుకోమనలేదు, వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నారు. చాలాసేపటికి అన్నారు, "మా అమ్మ పోయినప్పుడు నేను దొడ్లో బర్రె దగ్గరికెళ్ళి ఏడ్చేదాన్ని. ఇంట్లో ఏడిస్తే వంటెప్పుడు చేస్తావనేవాళ్ళు." ఇరవై నాలుగేళ్ళలో ఆవిడ తన మనసులో మాట నాతో చెప్పడం అదే మొదటిసారి.

ఆ రాత్రి నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోయాను. అద్భుతం జరిగిందని చెప్పను. మర్నాడు మళ్ళీ రెండింటికే మెలకువ వచ్చింది. కానీ నేను నడకని ఎలా వాడుకుంటున్నానో అర్థమైంది. పార్కులోకి కూడా ఇంటిని మోసుకెళ్తున్నాను.

అప్పటినుంచి మా పద్ధతి మారింది. ఒక పది నిమిషాలు నడక, ఇరవై నిమిషాలు కానుగ కింద. ఫోను ఇంట్లోనే. ఈ ఇరవై నిమిషాలు ఏం చేయాలో మాకెవరూ చెప్పలేదు. చేసి చూసి నేర్చుకున్నవి కొన్ని మీకు చెప్తాను. ఇవేం పెద్ద సాధనలు కావు, ఖర్చు అసలే లేదు.

మొదటిది, ఒకే చెట్టుని పట్టుకోవడం. రోజుకో చోటికి వెళ్తే అన్నీ కొత్తగానే ఉంటాయి, ఏం మారిందో తెలియదు. అదే చెట్టు దగ్గరికి రోజూ వెళ్తే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కనిపిస్తుంది. చైత్రం దాటాక కానుగ పూతకొచ్చింది. తెలుపులో కొంచెం వంగపండు రంగు కలిసిన చిన్న చిన్న పూలు. పొద్దున్నే వెళ్తే బెంచీ మీద, నేల మీద మరమరాలు పోసినట్టు రాలి ఉండేవి. ఒక ఆకు కోసి చూస్తే దాని మీద తెల్లటి వంకర గీతలు, ఎవరో పుల్లతో మెలికల ముగ్గు వేసినట్టు. ఏం తెగులో అనుకున్నాను. ఆకు పైపొరకీ కిందిపొరకీ మధ్య ఒక చిన్న పురుగు తినుకుంటూ వెళ్ళిన దారట అది. మొదట్లో సన్నంగా ఉంటుంది, పోనుపోను వెడల్పవుతుంది. పురుగు తింటూ పెరుగుతుంది కదా మరి! ఆ గీత మొదలూ చివరా చూస్తే దాని చిన్నతనం నుంచి పెద్దతనం దాకా ఆ ఒక్క ఆకులోనే ఉంది.

రెండోది, కళ్ళకంటే ముందు చెవులు. కూర్చోగానే కళ్ళు మూసుకుని ఎన్ని చప్పుళ్ళు వినబడుతున్నాయో లెక్కపెట్టుకుంటాం. దగ్గరివి, దూరానివి. మంచివీ చెడ్డవీ అని విడదీయం, హారన్ కూడా లెక్కే. ఆరో ఏడో వచ్చేసరికి తలలోని కూరగాయల లిస్టు దానంతటదే వెనక్కి పోతుంది. అత్తయ్యగారు ఎప్పుడూ నాకంటే రెండు ఎక్కువే చెప్తారు. "కూ" అని పాడేది మగ కోయిలేనని, నల్లగా ఎర్రకళ్ళతో ఉండేది అదేనని, ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుందని నాకు 48 ఏళ్ళు వచ్చాక తెలిసింది. ఎండాకాలం మా వేపచెట్టు మీద కాకి గూడు పెట్టింది. కోయిల దాని చుట్టూ తిరగడం, కాకులు తరమడం, సీరియల్ కంటే బాగుండేది!

మూడోది, తాకడం. చెప్పులు విప్పి, శుభ్రంగా ఉన్న చోట మట్టి మీద అడుగు పెట్టడం. కానుగ బెరడు మీద అరచెయ్యి ఆనించడం. వేపాకు నలిపి వాసన చూడటం. సిగ్గనిపించింది మొదట్లో, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని. ఎవరూ చూడరండీ, అందరూ ఫోన్లే చూసుకుంటున్నారు.

నాలుగోది, ఫోటో తీయకపోవడం. దీనికి చాలా కష్టపడ్డాను. ఏది బాగున్నా చెయ్యి ఫోను కోసం వెతికేది. ఫోటో తీశామంటే తర్వాత చూద్దాంలే అని అక్కడే చూడటం ఆపేస్తాం. ఆ తర్వాత అన్నది రాదు. మా గ్యాలరీల్లో మళ్ళీ తెరవని పూలు ఎన్ని వందలున్నాయో మనకి తెలియదా?

ఐదోది, పేరు తెలుసుకోవడం. పేరు తెలియనంతకాలం అన్నీ పిచ్చిమొక్కలే. దీనికి మన పండుగే పనికొచ్చింది.

ఏటా వినాయక చవితికి మార్కెట్లో పత్రి కట్ట కొనుక్కొస్తాను. అందులో ఏం ఉంటాయో, నిజంగా ఇరవై ఒక్క రకాలు ఉంటాయో లేదో ఎప్పుడూ విప్పి చూడలేదు. పూజలో పుస్తకం చదువుతూ "మాచీపత్రం సమర్పయామి" అంటే ఒక ఆకు, "బృహతీపత్రం" అంటే ఇంకో ఆకు, ఏది చేతికొస్తే అది వేసేదాన్ని. ఈసారి అత్తయ్యగారు, "మనమే ఏరుకుందాం" అన్నారు. వారం ముందునుంచి పార్కు గోడ వెంబడి, మా వెనక వీధిలో ఖాళీ స్థలం గట్టు మీద ఇద్దరం వెతుకులాట మొదలుపెట్టాం.

నా చీర కుచ్చిళ్ళకి రోజూ అంటుకునే ముళ్ళగింజలు ఉన్నాయే, తిట్టుకుంటూ పీకి పారేసేదాన్ని, అదే ఉత్తరేణి అట! పుస్తకంలో అపామార్గం అంటే అదే. బెంచీ కాళ్ళ దగ్గర పెరిగిన గడ్డే గరిక, అదే దూర్వ. ఖాళీ స్థలంలో జిల్లేడు, ఉమ్మెత్త, ముళ్ళతో వాకుడు. అదే నేను ఇన్నాళ్ళూ నోరు తిరక్కుండా చదివిన బృహతి. ఎదురింటివాళ్ళ గన్నేరు, గుడి దగ్గర రావి, మారేడు, జమ్మి. మా బాల్కనీలో తులసి, మరువం ఉండనే ఉన్నాయి. లెక్కపెడితే పదకొండు దొరికాయి. మిగతావి కొన్నాం. ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు విషపువి కాబట్టి కోసినప్పుడు చేతులు బాగా కడుక్కోవాలి, జిల్లేడు పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. ఈ జాగ్రత్తలన్నీ అత్తయ్యగారివే.

ఆ రోజు పూజలో ఒక్కో పేరుకీ సరైన ఆకు తీసి వేస్తుంటే, ఏడాదికోసారి ఊరి చుట్టూ తిరిగి ఏ మొక్క ఎక్కడుందో చూసి రమ్మని పెద్దవాళ్ళు పెట్టిన పనిలా అనిపించింది నాకు. మనం దాన్ని పదిరూపాయల కట్ట చేసుకున్నాం. కార్తీకమాసంలో వనభోజనాలూ అంతే కదా. ఉసిరిచెట్టు కింద కూర్చోవడం కోసం మొదలైంది, ఇప్పుడు ఫంక్షన్ హాలు లాన్‌లో క్యాటరింగ్, మైకులో తంబోలా. ఉసిరికొమ్మ తెచ్చి ఒక కుండీలో గుచ్చుతారు.

మావాడికి ఇదంతా సైన్సు కాదని వెటకారం. పోయిన నెల వాడే ఏవో చదివి వినిపించాడు. జపాన్‌లో 1982లో అక్కడి అటవీశాఖ వాళ్ళు దీనికి ఒక పేరు పెట్టారట. షిన్‌రిన్ యోకు, అంటే అడవిస్నానం. నీళ్ళలో మునిగినట్టు చెట్ల మధ్య మునగడం. గబగబా నడవక్కర్లేదు, ఎక్కడికో చేరక్కర్లేదు. 1984లో రోజర్ ఉల్‌రిచ్ అనే ఆయన అమెరికాలో ఒక ఆసుపత్రి రికార్డులు చూశాడట. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళలో కిటికీలోంచి చెట్లు కనబడే గదుల్లో ఉన్న 23 మందిని, ఇటుక గోడ కనబడే గదుల్లో ఉన్న 23 మందితో పోల్చాడు. చెట్లు కనబడ్డవాళ్ళు కొంచెం ముందుగా ఇంటికెళ్ళారు, గట్టి నొప్పిమాత్రలు తక్కువ వాడారు. 2019లో ఇంగ్లండ్‌లో సుమారు 20 వేల మందిని అడిగి చేసిన ఇంకో పరిశీలనలో, వారానికి 120 నిమిషాలో అంతకన్నా ఎక్కువో ప్రకృతిలో గడిపినవాళ్ళు, అసలు గడపనివాళ్ళకంటే తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని ఎక్కువగా చెప్పారట. ఆ రెండు గంటలూ ఒకేసారి గడిపినా, కొంచెం కొంచెంగా గడిపినా తేడా లేదట.

"రోజుకి ఇరవై నిమిషాలు, వారంలో ఆరు రోజులు. సరిగ్గా నూట ఇరవై!" అన్నాన్నేను వేళ్ళ మీద లెక్కపెట్టి. "అమ్మా, మళ్ళీ లెక్కలు మొదలుపెట్టావా?" అన్నాడు వాడు. నిజమే, మానేశాను.

ఇదంతా చదివి, నా బతుకు కానుగనీడలో హాయిగా సాగిపోతోందనుకోకండి. వానాకాలం దోమలకి రెండు వారాలు పార్కు మొహం చూడలేదు. ఒకరోజు కుక్క వెంటపడింది. కొన్ని రోజులు ఇరవై నిమిషాలూ ఆడపడుచు అన్న మాటే తలలో తిరుగుతుంది, చెట్టూ కనబడదు పిట్టా వినబడదు. అలాంటి రోజున కూర్చుని లేచి వచ్చేస్తాను, అంతే. బీపీ మాత్ర ఇంకా వేసుకుంటున్నాను. చెట్టు కింద కూర్చున్నాను కదా అని మాత్ర మానేయకండి. దుఃఖం మరీ బరువై లేవలేకపోతుంటే డాక్టరుకి చెప్పుకోవడంలో సిగ్గూ లేదు.

"గడప దాటే వీలు లేదు, మంచంలో మనిషిని చూసుకుంటున్నాను" అనేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నా స్నేహితురాలు ఒకామె అలాగే ఉంది. ఆవిడ వంటింటి కిటికీలోంచి పక్కింటి మునగచెట్టు ఒక్క కొమ్మ కనబడుతుంది. కాఫీ తాగే ఐదు నిమిషాలూ ఆ కొమ్మనే చూస్తానంది. పువ్వెప్పుడొచ్చింది, తేనెపిట్ట ఎప్పుడొచ్చింది, కాయ ఎంత సాగింది, అన్నీ చెప్తుంది. కూర వాళ్ళది, కొమ్మ నాది అంటుంది.

ఇక మా అమ్మ ఇల్లు. ఎండల్లో తమ్ముడితో కలిసి వెళ్ళాను. ఇల్లు అద్దెకిచ్చాడు. వచ్చినవాళ్ళు కారు పెట్టుకోవడానికి జామచెట్టు అడ్డమన్నారట. "కొట్టించక తప్పదక్కా" అన్నాడు. "వద్దురా" అన్నాను. "నువ్వొచ్చి ఉంటావా?" అని అడిగాడు. వాడి తప్పేం లేదు, ఇల్లు ఖాళీగా పెట్టలేడు. నా దగ్గర జవాబు లేదు. అమ్మ బతికుండగా ఆ చెట్టు గురించి వినడానికే నాకు తీరిక లేదు, ఇప్పుడు ఏ మొహంతో అడ్డుపడను?

ఆ మధ్యాహ్నం జామచెట్టు కింద కూర్చున్నాను, చాలాసేపు. చిలకలు రాలేదు. చేతికందిన కొమ్మ నున్నగా, చల్లగా ఉంది. అమ్మ పట్టుకుని కాయలు కోసిన చోట ఇంకా నునుపుగా ఉందనిపించింది. నా భ్రమేనేమో. వచ్చేముందు పారిజాతం కొమ్మలకి వేలాడుతున్న ఎండుకాయలు గుప్పెడు కొంగులో కట్టుకొచ్చాను. బిళ్ళల్లా చదునుగా ఉంటాయవి. ఐదు గింజలు కుండీలో వేస్తే రెండు మొలిచాయి. ఒకటి వానకి కుళ్ళిపోయింది, రెండోది జానెడైంది. ఆకు గరుగ్గా, గరుకుకాగితంలా ఉంది. రోజూ ఒకసారి తాకుతాను. ఎప్పుడు పూస్తుందో తెలియదు.

జామచెట్టు కొట్టేశారని ఆషాఢంలో తమ్ముడు చెప్పాడు. ఆ రోజు పార్కుకి వెళ్ళలేదు. మర్నాడు అత్తయ్యగారే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి, "పద అమ్మాయ్, కానుగ ఉందిగా" అన్నారు. వెళ్ళాను.

మొన్న పొద్దున పదకొండింటికి పుణెలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేశాను. "కానుగచెట్టు మీద ఉడత గూడు కడుతోందే. మా బెంచీ మీద నేను మర్చిపోయిన నాప్‌కిన్ అంచు కొరికి, పీచు పట్టుకుపోయింది తెలుసా? నోటినిండా పీచు పెట్టుకుని కొమ్మ ఎక్కుతుంటే మీసాలొచ్చినట్టుంది..." అని చెప్తున్నాను. అవతల కీబోర్డు టకటకలు వినబడుతున్నాయి. మధ్యమధ్యలో "ఊ... ఊ..." అంటోంది.

నవ్వొచ్చింది. "పని చూసుకో తల్లీ" అన్నాను.

పెట్టేయబోతుంటే, "అమ్మా, ఆగు. ఇంతకీ గూడు పూర్తయిందా?" అంది.

"రేపు చూసి చెప్తాను" అన్నాను.